ఫ్రిస్కో నిండుతోంది

ముప్పై అయిదేళ్ల కిందట ఆరు వేల మంది ఉన్న పల్లెటూరు. ఇప్పుడు రెండు లక్షలు దాటిన నగరం. డాలస్ శివారులో మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని, గుడి కట్టుకుని, పిల్లల్ని చదివించుకుంటున్న ఊరు. కట్టడానికి జాగా ఉన్నన్నాళ్లూ దేనికీ లోటు రాలేదు. ఆ జాగా ఇప్పుడు అయిపోవస్తోంది.

ఎండలు ముదిరాయంటే ఫ్రిస్కోలో ఇంటి పునాదికి నీళ్లు పెడతారు. గోడకు అడుగు, అడుగున్నర ఎడంగా ఇంటి చుట్టూ నల్లటి రబ్బరు గొట్టం పరిచి ఉంటుంది. దాని పొడవునా కంటికి ఆనని చిల్లులు. కుళాయి తిప్పితే నీళ్లు చుక్కచుక్కగా ఊరి మట్టిలోకి ఇంకుతాయి. కొత్తగా ఇల్లు కొన్న కుర్రాడికి పక్కింటాయన ఈ సంగతి చెబితే మొదట నమ్మడు. వాళ్ల నాన్న గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి పెరట్లో నెర్రెలిచ్చిన నేలను చూశాడంటే మాత్రం వివరించే పని ఉండదు. "ఇది మన రేగడేరా" అంటాడు.

నిజంగా రేగడే. టెక్సాస్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి పట్టీలా సాగే ఆ నేలకు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పేరు. ఒకప్పుడు అక్కడ పండిందీ పత్తే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఆ నేల మీద కాంక్రీటు పలక పోసి, పైన రెండంతస్తుల ఇల్లు లేపుతారు. ఒక పక్క తడిగా, ఒక పక్క ఎండిపోయి ఉంటే పలక వంగుతుంది. పడగ్గది తలుపు బిగుసుకుపోతుంది, కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా సన్నటి గీత దిగుతుంది. ఆ గీత చూసి గుండెల్లో రాయి పడని గృహస్థుడు ఆ ఊళ్లో ఉండడు. పునాది కింద స్తంభాలు దింపించి సరిచేయించాలంటే వేల డాలర్ల ఖర్చు.

డాలస్ నడిబొడ్డుకు ఉత్తరంగా దాదాపు నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు పుట్టుకే ఒక వలస కథ. ఇప్పుడు బారులు తీరిన దుకాణాల మధ్య నుంచి పోయే ప్రెస్టన్ రోడ్డు ఇంచుమించు షానీ ట్రెయిల్ మీదుగానే వెళ్తుంది. 19వ శతాబ్దంలో టెక్సాస్ పశువుల మందల్ని ఉత్తరాదికి తోలుకెళ్లిన దారి అది. ఆ దారి పక్కన మిట్ట మీద లెబనాన్ అనే చిన్న ఊరుండేది. 1902లో రైలొచ్చింది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి, మిట్ట మీద దొరకవు. అందుకని రైలు కంపెనీ పడమరగా పల్లంలో స్టేషను పెట్టింది. లెబనాన్ జనం ఊరుకోలేదు. కొందరు తమ చెక్క ఇళ్లను దుంగల మీద దొర్లించుకుంటూ కొత్త ఊరికి తరలించుకుపోయారు. ఆ ఊరికి ఎమర్సన్ అని పేరు పెట్టబోతే, అలాంటి పేరు టెక్సాస్‌లో ఇంకో ఊరికి ఉందని తపాలా శాఖ కాదంది. చివరికి రైలు కంపెనీ పేరే ఖాయమైంది. సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేను జనం ముద్దుగా ఫ్రిస్కో అనేవారు. 1908లో ఊరికి పట్టణ హోదా వచ్చింది.

తర్వాత ఎనభై ఏళ్లు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. 1990 జనాభా లెక్కల్లో ఊరి జనం 6,141. 2000లో 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. 2016 జులైకి, 2017 జులైకి మధ్య ఒక్క ఏడాదిలోనే 8.2 శాతం పెరిగింది. యాభై వేలు దాటిన అమెరికా నగరాలన్నింటిలో ఆ ఏడు ఇంత వేగంగా పెరిగింది మరొకటి లేదని జనగణన విభాగం ప్రకటించింది. తెల్లారి లేస్తే ఎదురుగా కొత్త కప్పు, కొత్త సిగ్నల్. జీపీఎస్‌కు కూడా తెలియని వీధుల్లో పిజ్జా కుర్రాళ్లు ఫోన్లు చేసి దారి అడిగిన రోజులు అవి.

ఒక్క సెంటు మహిమ

రైలు పేరు పెట్టుకున్న ఈ ఊళ్లో సరుకు రైళ్లు ఇప్పటికీ నడుస్తాయి గానీ మనుషులు ఎక్కే రైలు లేదు. ఎందుకు లేదో తెలిస్తే ఫ్రిస్కో సగం అర్థమైనట్టే.

టెక్సాస్‌లో చాలా ఊళ్లలో ఎక్కువ సరుకుల మీద 8.25 శాతం అమ్మకపు పన్ను పడుతుంది. అందులో 6.25 రాష్ట్రానిది, మిగిలిన 2 స్థానిక అవసరాలకు. అంటే డాలరుకు రెండు సెంట్లు. డాలస్, ప్లేనో, రిచర్డ్‌సన్ లాంటి ఊళ్లు ఆ రెండింట్లో ఒక సెంటును డార్ట్ అనే ప్రజా రవాణా సంస్థకు ఇస్తాయి. బదులుగా వాళ్లకు బస్సులు, రైళ్లు నడుస్తాయి. ఫ్రిస్కో డార్ట్‌లో చేరలేదు. ఆ సెంటును రెండు సగాలు చేసి, ఒక సగం ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్‌కు, రెండో సగం సామాజికాభివృద్ధి కార్పొరేషన్‌కు ఇచ్చింది. కంపెనీల్ని రప్పించడం మొదటిదాని పని. పార్కులు, స్టేడియాల వంటివి రెండోదాని పని.

ఆ సెంటు ఏం చేసిందో ఊరంతా కనిపిస్తుంది. 2003లో బేస్‌బాల్ స్టేడియం. 2005లో సాకర్ స్టేడియం. 2016లో డాలస్ కౌబాయ్స్ జట్టు తన ప్రధాన కార్యాలయాన్ని, సాధన మైదానాల్ని ఇక్కడికి మార్చింది. అక్కడి పన్నెండు వేల సీట్ల ఇండోర్ స్టేడియంలో ఊరి హైస్కూలు జట్లు కూడా ఆడతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే టెక్సాస్‌లో ఒక పదహారేళ్ల కుర్రాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఫ్లోరిడాలో ఉండే గోల్ఫ్ సంస్థ పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో మకాం ఇక్కడికి మార్చింది. 2027 పీజీఏ ఛాంపియన్‌షిప్ ఇక్కడే. స్టేడియాల చుట్టూ హోటళ్లు, ఆఫీసులు, వాటి చుట్టూ అపార్టుమెంట్లు. వాటి పన్నులతో మళ్లీ రోడ్లు, ఫైర్ స్టేషన్లు. పెరుగుదలే పెరుగుదలకు పెట్టుబడి.

లెక్కగా చూస్తే ఊరు తెలివైన పనే చేసింది. ఆ లెక్కలోకి రానివాళ్లు కారు నడపలేనివాళ్లు.

ఫ్రిస్కోలో ఏ వేసవి ఉదయమైనా నివాస కాలనీల మధ్య ఉండే చెరువు గట్ల మీదికి వెళ్లి చూడండి. స్పోర్ట్స్ బూట్లు, పంచె లేదా పైజామా, తలకు మఫ్లర్ బదులు మనవడి బేస్‌బాల్ టోపీ. పక్కన చీర మీద స్వెటర్. ఎదురుపడగానే మొదటి ప్రశ్న ఒకటే.

"ఏ ఊరండీ మీది?"

"తెనాలి దగ్గరండి. అబ్బాయి దగ్గరికొచ్చాం. మీరు?"

"మాది ఖమ్మం. అమ్మాయికి రెండో కాన్పు. దసరా వెళ్లాక తిరుగు ప్రయాణం."

విజిటర్ వీసా మీద దిగితే మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారు. ఆ ఆర్నెల్లూ వాళ్ల ప్రపంచం ఆ గట్టు, ఆ ఇల్లు. ఊళ్లో సొంత ట్రాక్టరు నడిపిన మనిషి ఇక్కడ కొత్తిమీర కట్ట కోసం కోడలు ఆఫీసు మీటింగు అయ్యేదాకా కూర్చుంటాడు. కూరగాయల దుకాణం రెండు మైళ్లే. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు ఉంటుంది, దాని మీద నడిచేవాళ్లు కనబడరు. అరవై అయిదు దాటినవాళ్లకు ముందే చెప్పి పిలిపించుకునే వాహన సేవ ఒకటి నగరం నడుపుతోంది గానీ, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు దాన్ని వాడుకోవడం అరుదు. 2025 అక్టోబరులో పక్క ఊరు ప్లేనో నుంచి డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి డార్ట్ సిల్వర్ లైన్ రైలు మొదలైంది. ఫ్రిస్కో వాళ్లు ఆ రైలెక్కాలంటే ముందు స్టేషను దాకా కారులో దిగబెట్టేవాళ్లుండాలి.

ఈ పెద్దవాళ్ల ఆర్నెల్లను కాస్త తేలిక చేసేది గుడి. ఇండిపెండెన్స్ పార్క్‌వే మీది కార్యసిద్ధి హనుమాన్ ఆలయం మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామి పరంపరకు చెందింది. శనివారం పొద్దున అక్కడ చెప్పుల స్టాండు దగ్గర వినబడే మాటల్లో గోదావరి యాస, తెలంగాణ యాస, సీమ యాస మూడూ ఉంటాయి. ప్రదక్షిణలకని వచ్చిన పెద్దాయన మూడో చుట్టులో ఊరివాడెవరో తగిలి అక్కడే నిలబడిపోతాడు. ఇక 1986లో పుట్టిన ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం టాంటెక్స్ ఎన్నో ఏళ్లుగా 'నెల నెలా తెలుగు వెన్నెల' పేరుతో సాహిత్య సదస్సు జరుపుతూ వస్తోంది. అంత కాలం ఆగకుండా నడిచిన నెలవారీ సాహిత్య సభలు మన జిల్లా కేంద్రాల్లో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తూర్పు ముఖం ఇల్లు, మే నెల ప్రొటెస్ట్

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఇక్కడి బిల్డర్లకు బాగా తెలుసు. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా? పడమర, దక్షిణం ముఖాల ఇళ్లు బేరానికొస్తాయని రియల్టర్లు నవ్వుతూనే చెబుతారు. అసలు వంటింటి వెనక తలుపు వేసుకునే చిన్న వంటగది ఇంకొకటి ఇప్పుడు కొత్త ఇళ్ల నమూనాల్లో కనబడుతోంది. పోపులు, వేపుళ్లు అందులో. ముందున్న పెద్ద వంటగది అతిథులు చూడ్డానికి. కరివేపాకు కుండీలోనే ఉండాలి, నవంబరు వచ్చేసరికి ఇంట్లోకి రావాలి. 2021 ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోయి, కరెంటు పోయి, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలినప్పుడు చాలా ఇళ్లలో మనుషులు, కరివేపాకు కుండీ ఒకే దుప్పటి కిందికి చేరారు.

మెయిల్ బాక్సు రంగు నుంచి కంచె ఎత్తు దాకా ఇంటి యజమానుల సంఘం చెప్పినట్టే ఉండాలి. గడ్డి పెరిగితే ఉత్తరం వస్తుంది, చెత్తడబ్బా వీధిలోనే ఉండిపోతే ఉత్తరం వస్తుంది. ఊళ్లో పంచాయతీ సర్పంచికి కూడా ఇంత అధికారం ఉండదని ఓ పెద్దాయన అంటే అందరూ నవ్వారు గానీ, ఆయన అన్నది నిజం.

అసలు బరువు ఆస్తి పన్నుది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవాళ్లు మొదటి జీతం చూసుకుని మురిసిపోతారు. ఆ మురిపెం ఇల్లు కొన్న మరుసటి ఏడాది దాకానే. స్కూళ్లు, నగరం, కౌంటీ, కొన్ని చోట్ల కమ్యూనిటీ కాలేజీ, అన్నీ ఇంటి విలువ మీదే పన్ను వేస్తాయి. ఆరేడు లక్షల డాలర్ల ఇల్లు ఇక్కడ మామూలు మధ్యతరగతి ఇల్లు. దాని మీద ఏటా పది వేల డాలర్లు అటూ ఇటూగా కట్టాలి. అప్పు తీరిపోయినా ఈ పన్ను తీరదు.

అందుకే ఏప్రిల్‌లో అప్రైజల్ నోటీసు వచ్చిన దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపులు వేడెక్కుతాయి. ఊరి తూర్పు భాగం కాలిన్ కౌంటీ, పడమటి భాగం డెంటన్ కౌంటీ. ఎవరి కౌంటీ వాళ్లకు విలువ కట్టి పంపుతుంది. ఆ విలువ ఎక్కువైందని వాదించడానికి గడువు మామూలుగా మే 15. దీన్ని అక్కడ ప్రొటెస్ట్ అంటారు. నినాదాలు, జెండాలు ఏమీ ఉండవు. పక్కవీధిలో ఇలాంటి ఇల్లే తక్కువకు పోయిందనే కాగితం, గోడమీది పగులు ఫొటో, కప్పుకు వడగళ్ల దెబ్బ తగిలిందన్న అంచనా పత్రం. ఇల్లు అమ్మేటప్పుడు దాచిపెట్టే లోపాలన్నీ ఆ నెలలో ఏరి ఏరి చూపిస్తారు. సొంతంగా ఉంటున్న ఇంటికి పన్ను లెక్కలో విలువ ఏడాదికి పది శాతం మించి పెంచకూడదన్న నిబంధన కొంత కాపాడుతుంది. స్కూలు పన్నులో ఇచ్చే మినహాయింపు 2023లో 40 వేల నుంచి లక్ష డాలర్లకు, 2025లో లక్షా 40 వేలకు పెరిగింది.

ఇంత కట్టి ఎందుకుంటారంటే జవాబు ఒకటే. స్కూళ్లు.

2003 దాకా ఫ్రిస్కోకు ఒకే హైస్కూలు. 2022లో పన్నెండోది తెరిచారు. చరిత్రలో కలిసిపోయిన పేర్లు ఈ స్కూళ్లలో బతికాయి. ఒకదాని పేరు లెబనాన్ ట్రెయిల్, ఇంకోదాని పేరు ఎమర్సన్. పక్కనున్న అలెన్‌లో అయిదు వేల మందికి పైగా పిల్లలతో ఒకే పెద్ద హైస్కూలు ఉంది. ఫ్రిస్కో పంతం పట్టి చిన్న చిన్నవి కట్టింది. ప్రతి స్కూలుకూ ఒక బ్యాండు, ఒక జట్టు, ఒక నాటక బృందం. ఎక్కువమంది పిల్లలకు వేదిక దొరకాలన్నది ఆలోచన.

మన తల్లిదండ్రులు అందులో ఇంకో లెక్క చూశారు. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రతి హైస్కూల్లో పై పది శాతం ర్యాంకుల పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు. యూటీ ఆస్టిన్‌కు మాత్రం ఆ గీత ఆరు శాతం ఉండేది, 2026 ప్రవేశాల నుంచి అయిదు. ఫ్రిస్కో స్కూలు జిల్లా విద్యార్థుల్లో అతిపెద్ద వర్గం ఇప్పుడు ఆసియా మూలాలవాళ్లు. అంటే ఒక్కో స్కూల్లో ఆ అయిదు శాతం కోసం పోటీపడేది మన ఇళ్ల పిల్లలూ, మన పక్కింటి పిల్లలే. అమీర్‌పేట, విజయవాడ కోచింగుల నుంచి తప్పించుకుని అమెరికా వచ్చిన తరం, తమ పిల్లల కోసం అదే చదువుల పందేన్ని లాన్లు, బాస్కెట్‌బాల్ హూపుల మధ్య మళ్లీ కట్టుకుంది. ఏడో తరగతిలోనే హైస్కూలు లెక్కలు, శనివారం ట్యూషను, ఆదివారం కూచిపూడి. ఈ మాట అక్కడి పార్టీల్లో అంటే అందరూ అవునంటారు, సోమవారం మళ్లీ కారు తీస్తారు.

చాలు అన్న ఓటు

ఆ స్కూళ్ల దగ్గరే ఇప్పుడు ఎవరూ ఊహించని పరిణామం మొదలైంది. జిల్లాలో పిల్లల సంఖ్య 66 వేలు దాటాక తగ్గుముఖం పట్టింది. నగరపు పాత మిడిల్ స్కూళ్లలో ఒకటైన స్టేలీని మూసేయాలని బోర్డు నిర్ణయించింది. ఏటా స్కూళ్లు తెరవడమే అలవాటైన ఊళ్లో ఒక స్కూలు మూయడం! కారణం కంటికెదురుగానే ఉంది. 2005లో ఇల్లు కొన్నవాళ్ల పిల్లలు చదువులై వెళ్లిపోయారు. తల్లిదండ్రులు ఇళ్లు ఖాళీ చేయరు, చేసినా చిన్న పిల్లలున్న కుర్ర జంటకు ఆ ధర అందదు. పైగా టెక్సాస్‌లో స్కూలుకు రాష్ట్రం ఇచ్చే నిధులు హాజరైన పిల్లల లెక్కన వస్తాయి. బెంచీ ఖాళీ అయితే డబ్బూ పోతుంది, టీచరు జీతం, బస్సు ఖర్చు మాత్రం తగ్గవు.

ఊరి మనసు కూడా మారింది. 2023 జనవరిలో యూనివర్సల్ సంస్థ పిల్లల థీమ్ పార్కు కడతామని ప్రకటించినప్పుడు కౌన్సిల్ సమావేశాలకు జనం పోటెత్తారు. ట్రాఫిక్, రద్దీ, ఇక చాలన్నారు. కౌన్సిల్ ఆ మార్చిలో అనుమతి ఇచ్చేసింది. 2025 మేలో కథ తిరగబడింది. కళాకేంద్రం కట్టడానికి, దానికోసం అమ్మకపు పన్ను వాటాను కొంత మళ్లించడానికి నగరం ఓటర్లను అడిగింది. ఓటర్లు కాదన్నారు. రెండు దశాబ్దాలుగా స్టేడియాలు మోసిన ఆ సెంటు మీద మొదటిసారి గట్టిగా వేలు పెట్టి చూపినట్టయింది.

పెరుగుదల కడిగేయలేని మరక కూడా ఒకటుంది. ఊరి మధ్యలో 1964 నుంచి బ్యాటరీల సీసం కరిగించి తిరిగి వాడుకకు తెచ్చే కర్మాగారం ఉండేది. చుట్టూ ఇళ్లు మూగాక గానీ గాలిలో సీసం సంగతి పెద్ద గొడవ కాలేదు. ఎక్సైడ్ కంపెనీ ఆ కర్మాగారాన్ని 2012 చివర్లో మూసేసింది. నేలను శుభ్రం చేయడం ఏళ్ల తరబడి సాగింది, పక్కనే తలపెట్టిన పెద్ద పార్కు అందుకోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఇక మనవాళ్ల గుబులు వేరే. 2022 ఆగస్టులో ప్లేనోలో ఒక రెస్టారెంటు బయట నలుగురు భారత సంతతి మహిళల్ని ఒకామె బూతులు తిట్టి, చేయి చేసుకున్న వీడియో అందరి ఫోన్లకూ చేరింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ వారం గుడి పార్కింగ్‌లో ఇళ్ల ధరల మాట వినబడలేదు. గ్రీన్ కార్డు వరసలో పదేళ్లుగా ఉన్నవాళ్లకు ముప్పై ఏళ్ల ఇంటి అప్పు ఉంది. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి మామూలుగా దొరికే వెసులుబాటు అరవై రోజులు.

పెరుగుదల మాత్రం ఆగలేదు, ఉత్తరానికి, తూర్పుకు జరిగింది. 2023లో ఇరవై వేల జనాభా దాటిన అమెరికా నగరాలన్నింటిలో అత్యంత వేగంగా పెరిగింది ఫ్రిస్కోకు ఉత్తరాన ఉన్న సెలైనా, 26.6 శాతం. మరుసటి ఏడాది ఆ పేరు కాలిన్ కౌంటీలోనే తూర్పున ఉన్న ప్రిన్స్‌టన్‌కు దక్కింది, 30.6 శాతం. నీళ్లు, రోడ్లు, పోలీసులు చాలక ప్రిన్స్‌టన్ 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల అనుమతులే కొంతకాలం ఆపేసింది. హైదరాబాద్ అంచున కొల్లూరు, తెల్లాపూర్ ఎదిగిన తీరు చూసినవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు. ముందు ఇల్లు, ఆ తర్వాతే నీళ్లు. తేడా అల్లా ప్రిన్స్‌టన్‌లో ఆగండి అన్నారు.

సెలైనాలో ఇళ్లు చూసే కుర్ర జంటలకు ఫ్రిస్కోలో పాతికేళ్ల కిందట దిగినవాళ్లు అన్నయ్య, వదినల్లా సలహాలిస్తుంటారు. ఏ బిల్డరు పలక బాగా పోస్తాడు, వాన నీళ్లు ఏ పక్కకు వాలతాయి, కొత్త కాలనీల్లో మామూలు పన్ను మీద అదనంగా పడే నీటి జిల్లా పన్ను ఎంత. తమ సంగతికి వచ్చేసరికి ఆ సలహాలిచ్చేవాళ్లకే తోచదు. అయిదు పడగ్గదుల ఇంట్లో ఇద్దరే ఉన్నారు. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ఊరి పడమటి అంచున ఫ్రిస్కో లేక్స్ అని యాభై అయిదు దాటినవాళ్ల కోసం కట్టిన కాలనీ ఉంది, అందులో ఏదైనా ఖాళీ అయిందేమో కనుక్కుంటారు. కింద అంతస్తు ఒక్కటే ఉన్న చిన్న ఇల్లు కావాలి, గుడికి దగ్గరగా, తూర్పు ముఖం అయితే మంచిది. కారు తోలడం మానేసే రోజు వస్తే ఏం చేద్దామని ఆయన అడుగుతాడు. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.